నొగో రాసిన కోర్సు

ప్రభుత్వం నుంచి ఆ ఉత్తర్వు వచ్చిన రోజు మా కాలేజీ మీటింగు గది పైకప్పు మూడు చోట్ల కారుతోంది. ప్రిన్సిపాల్ డాక్టర్ అన్సెల్మస్ గారు బకెట్ల మధ్య నిలబడి కాగితం చదివారు. ఇకమీదట మూడేళ్ళ డిప్లొమాతో ఎవరూ సొంతంగా కాన్పులు చేయడానికి వీల్లేదు. డిగ్రీ ఉండాలి. డిగ్రీ కోర్సు పెట్టుకోలేని కాలేజీలు కొత్త పిల్లలను చేర్చుకోకూడదు.

చదువుకున్న మంత్రసానిని మా లెంబాతా దీవిలో బిదాన్ అంటాం. మాది బిదాన్లను తయారుచేసే కాలేజీ.

"ఉన్న రెండు బ్యాచ్‌లనీ బయటికి పంపేసి తాళం వేద్దాం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "డిగ్రీ కోర్సు నడిపే శక్తి మనకి లేదు."

వెనక వరసలోంచి ఒక గొంతు లేచింది.

"ఎవరికి లేదంటున్నారు సార్?"

అది నొగో. ప్రాక్టికల్ గది చూసుకునే మనిషి. పూర్తి పేరు కతరీనా నొగో. మేమంతా ఇనా నొగో అనేవాళ్ళం. ఇనా అంటే మా భాషలో అమ్మ. నేను అదే కాలేజీ ఆఫీసులో టైపు చేసే బెర్తాను, ఆమెకన్నా నాలుగేళ్ళు చిన్నదాన్ని.

నొగో అగ్నిపర్వతం వాలులో మొక్కజొన్న పండించుకునే ఇంట్లో పుట్టింది. నర్సింగ్ బడి అయ్యాక ఒక్క ఏడాది శిక్షణ ఇచ్చి, ఊరికొక బిదాన్ అంటూ పంపేసిన రోజులవి. ఇరవై రెండేళ్ళ పిల్లను దక్షిణ తీరాన లెవోమారా అనే ఊళ్ళో దింపి వచ్చారు. తొమ్మిదేళ్ళు అక్కడే కాన్పులు చేసింది. అక్కడే బోలి అనే పడవవాణ్ణి చేసుకుంది. తర్వాత కాలేజీకి వచ్చి పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకు చేతిపని నేర్పుతోంది. కాన్పు నేర్పడానికి జావా నుంచి వచ్చిన ప్లాస్టిక్ బొమ్మ రెండో ఏడాదికే తుంటి దగ్గర విరిగింది. బాగుచేయిస్తామని ఓడ ఎక్కించారు, మళ్ళీ తిరిగి రాలేదు. నొగో పాత నేత లుంగీలు కత్తిరించి కటి ఎముకల గూడు కుట్టింది. బూరుగు దూదితో బిడ్డ మాయను తయారుచేసింది. బొడ్డుతాడు లోపల రెండు ఎర్ర దారాలూ ఒక నీలం దారమూ దూర్చి, ఏది నెత్తురు తెచ్చేదో ఏది తీసుకుపోయేదో పిల్లల చేత చెప్పించేది. తప్పు చెప్పినవాళ్ళ వేళ్ళ మీద స్కేలుతో ఒకటి పడేది.

ఆ రోజు ప్రిన్సిపాల్ గారు విసుక్కున్నారు. "కోర్సు పెట్టాలంటే ముందు కోర్సంటూ ఉండాలి కదమ్మా. సిలబస్సు, పేపర్లు, శిక్షణ, పరీక్షలు, నాలుగొందల పేజీలు. ఎవరు రాస్తారు?"

"రాస్తాం."

"సరే. మూడు నెలలు టైమిస్తున్నా. రాసుకురా చూద్దాం."

కొందరు నవ్వారు. ఆయన కూడా నవ్వుతూనే అన్నారు. నొగో మాత్రం నవ్వకుండా మీటింగు అవగానే నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బెర్తా, నియమాల పుస్తకం మొత్తం నాకొక కాపీ తీసివ్వు. ఒక్క పేజీ కూడా వదలకు."

మర్నాడే యోవితాను బండెక్కించుకుని ఊళ్ళ మీద పడింది. యోవితా మా దగ్గరే డిప్లొమా చదివి, జావాలో మాస్టర్స్ దాకా పూర్తి చేసి, ఆ ఏడే లెక్చరరుగా తిరిగొచ్చిన అమ్మాయి. ఇద్దరూ కలిసి ఇరవై మూడు ఊళ్ళు తిరిగారు. ప్రతి ఊళ్ళో బిదాన్‌ని కూర్చోబెట్టి నొగో ఒకటే అడిగేది. "ఏ కాన్పు దగ్గర నీ చదువు చాల్లేదు?"

మొదట్లో ఎవరూ చెప్పలేదు. ఇది తనిఖీ అనుకున్నారు. నొగో తన సంగతులు తను చెప్పడం మొదలుపెట్టాక వాళ్ళూ నోరు విప్పారు.

"ఫిట్స్ వచ్చిన తల్లిని పడవలో తీసుకెళ్తున్నా ఇనా. మందు మోతాదు కాగితం మీద రాసుకున్నా. ఉప్పునీళ్ళు పడి అక్షరాలు కారిపోయాయి. కంఠతా వచ్చుండాల్సింది కదా, రాలేదు," అంది ఒకామె.

ఇంకొకామె చాలాసేపు మునగాకు దూస్తూ కూర్చుని చివర్లో అంది. "పిల్ల చచ్చి పుట్టింది. తల్లి నా మొహంలోకే చూస్తోంది. ఆ మాట ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. నేను లేచెళ్ళి గిన్నెలు కడిగాను."

యోవితా అక్కడే ఏడ్చేసింది. నొగో ఏడవలేదు. రాసుకుంది. అలా రాసుకున్నవన్నీ తెచ్చి నా బల్ల మీద పోసేది. నేను టైపు చేసేదాన్ని. మధ్యాహ్నం దంచిన మొక్కజొన్న అటుకులూ వేయించిన చేపా మా ముగ్గురికీ ఒకే ఆకులో. కోర్సు అలా పుట్టింది. పడవలో రోగిని తీసుకెళ్ళడం ఒక పేపరు అయింది. చావు కబురు చెప్పడం ఒక పేపరు అయింది. మూడో ఏడాదిలో ఆరు నెలలు ప్రతి విద్యార్థీ ఊళ్ళోనే ఉండాలి, ఊరి మంత్రసానులతో కలిసి పనిచెయ్యాలి.

మూడు నెలలకు వారం ముందే నాలుగొందల పన్నెండు పేజీలు ప్రిన్సిపాల్ గారి బల్ల మీద పెట్టింది. ఆయన పేజీలు తిప్పారు, కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. జావా నుంచి ఒక నిపుణురాలిని పిలిపించారు. ఆమె పేరు విద్యాస్తుతి. మెత్తగా మాట్లాడే మనిషి. అప్పటికే పదకొండు కాలేజీలకు కోర్సులు తయారుచేసి పెట్టింది.

"చాలా కష్టపడ్డారు. కానీ అన్ని కాలేజీలూ వాడే నమూనా ఒకటుంది. ఊరి శిక్షణ నాలుగు వారాలు చాలు. పరిస్థితి విషమిస్తే ముప్పై నిమిషాల్లో అంబులెన్స్‌లో ఆసుపత్రికి పంపించాలని అందులో స్పష్టంగా ఉంది," అంది ఆమె.

"ఆ కాగితంలో సముద్రం ఎక్కడుందమ్మా?" అంది నొగో.

"అంటే?"

"మీరే చూద్దురుగాని. రేపు నాతో రండి."

బోలి పడవ మీద లెవోమారాకి ఆరు గంటల ప్రయాణం. ఆ ఋతువులో దక్షిణ సముద్రం సంగతి మాకు తెలుసు. విద్యాస్తుతి పోతూ రెండుసార్లు, వస్తూ మూడుసార్లు కక్కుకుంది. వచ్చిన మర్నాడు మొహం పాలిపోయి ఉన్నా ఆఫీసుకొచ్చి, అంబులెన్స్ వాక్యాన్ని తన చేత్తోనే కొట్టేసింది. ఆరు నెలలు ఉండనిచ్చింది. అయితే ఒకటి మాత్రం గట్టిగా పట్టుకుంది.

"గణాంకాలూ, పరిశోధన పేపర్లూ తీసెయ్యడానికి నేనొప్పుకోను నొగో గారూ. అవి లేకపోతే మీ పిల్లల్ని సగం డిగ్రీవాళ్ళంటూ ఎక్కడికెళ్ళినా చిన్నచూపు చూస్తారు."

నొగోకి ఆ లెక్కలంటే గిట్టదు. కాసేపు ముక్కు రాసుకుంది. "పెట్టండి," అంది.

చివర్లో నిపుణురాలు ఉపాధ్యాయుల జాబితా తీసింది. "ఇంకోటి. ఈ కోర్సులో పాఠం చెప్పాలంటే మాస్టర్స్ ఉండాలి. ఊళ్ళలో ప్రాక్టికల్ నేర్పేవాళ్ళకైనా డిగ్రీ ఉండాలి. మీ పేరు ఎక్కడ రాయమంటారు?"

నేను టైపు ఆపాను. యోవితా కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"తెలుసమ్మా. మొదటి రోజే చదివాను. నూట ఆరో పేజీ," అంది నొగో. "బెర్తా, ఆగావేం? కొట్టు."

మూడు నెలలుగా ఆమె తనకు చోటులేని కోర్సు రాస్తోందని నాకప్పుడే తెలిసింది. ఆ నూట ఆరో పేజీని నేనే కాపీ తీసిచ్చాను. చదవలేదు.

కోర్సుకి అనుమతి ఇచ్చే తనిఖీ బృందం వస్తుందనగా ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి జాబితాలో నొగో పేరుకి ఎదురుగా 'స్టోర్‌కీపర్' అని కొట్టమన్నారు. ఆ తర్వాత ఆమెను పిలిచారు. తలుపు తెరిచే ఉంది.

"ఆ రెండు రోజులూ ఇంటి దగ్గర ఉండు ఇనా. నీ మంచికే చెప్తున్నా. డిగ్రీ లేని మనిషి పంతొమ్మిదేళ్ళు పాఠం చెప్పిందని వాళ్ళకి తెలిస్తే కొంప మునుగుతుంది."

"తెలియకపోతే?"

"కోర్సు వస్తుంది. నువ్వు స్టోరు తాళాలు పట్టుకుని హాయిగా రిటైరవుతావు."

ఆమె బయటికి వచ్చి తన పనిలో పడింది. తనిఖీ రోజు పొద్దున్నే ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం వేసుకుని ప్రాక్టికల్ గదిలో తన కుర్చీలో కూర్చుంది. బృందంలో పెద్దాయన గుడ్డ మాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడ కొన్నారివి?"

"నేనే కుట్టాను సార్."

"మీరేం చేస్తారిక్కడ?"

"జాబితాలో స్టోర్‌కీపర్ అని ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా ఈ గదిలో పాఠం చెప్తున్నాను. ఈ దీవిలో బిదాన్లు చాలామంది నా చేతి కిందే నేర్చుకున్నారు. కావాలంటే పిలిపిస్తాను, అడగండి."

పెద్దాయన మధ్యాహ్నం భోజనం కూడా మానేసి, బొమ్మలన్నీ ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు.

ఆర్నెల్లకు అనుమతి వచ్చింది. దాని కింద ఒక షరతు. అర్హత లేనివారెవరూ బోధనలో ఉండరాదు. ప్రిన్సిపాల్ గారు షరతు చూపించి, "చూశావా, అబద్ధమాడి ఉంటే ఈ వాక్యం ఉండేది కాదు," అన్నారు. నొగో ఉద్యోగం నిజంగానే స్టోరుకు మారింది. కొందరు ఉపాధ్యాయులు ఆమెతో మాట్లాడటం మానేశారు. ఒక్క మనిషి పొగరు వల్ల అందరి నోట్లో మట్టి పడబోయిందని వాళ్ళ కోపం. ఆ కోపంలో కొంత న్యాయం ఉందనే అప్పట్లో నాకూ అనిపించింది. ఆమెతో ఆ మాటే అన్నాను కూడా.

"అబద్ధంతో మొదలెట్టిన కోర్సులో పిల్లలకి నిజం చెప్పడం ఎలా నేర్పుతారే?" అంది. అంతకుమించి వాదించలేదు.

కొత్త కోర్సు దరఖాస్తులు తీసుకునే మొదటి రోజు కౌంటరు దగ్గర నేనే ఉన్నాను. పదిహేడేళ్ళ పిల్లల మధ్య వరసలో ఆమె నిలబడి, తన వంతు వచ్చాక ఫారం ఇచ్చింది. పేరు: కతరీనా నొగో. వయసు: యాభై ఒకటి.

ప్రిన్సిపాల్ గారు గదిలోంచి బయటికొచ్చారు. "ఏంటిది? ఈ వయసులో మొదటి సంవత్సరమా?"

"మీరేగా సార్, డిగ్రీ లేదన్నారు. తెచ్చుకుంటాను."

"వయసు పరిమితి ఉంటుంది."

"ఉండదు. ఆ పేజీ రాసింది నేనే. నియమాల్లోనూ ఎక్కడా లేదు, వెతికి చూసుకోండి."

ఆయన వెతికారు. లేదు. డిప్లొమా ఉన్నవాళ్ళు మూడో ఏడాదిలో చేరవచ్చు. నొగోకి ఉన్నది ఒక్క ఏడాది శిక్షణే కాబట్టి మొదటి నుంచీ నాలుగేళ్ళు చదవాలి. పొద్దున స్టోరు, మధ్యాహ్నం క్లాసులు. కూతురి వయసు పిల్లలు ఆమెను ముందు బెంచీలో కూర్చోబెట్టి, వెనక నుంచి కాపీ కొట్టేవాళ్ళు.

సంతలో బోలిని ఆటపట్టించేవాళ్ళు. "ఏం బోలీ, మీ ఆవిడ ఏ క్లాసిప్పుడు?"

"మొదటి సంవత్సరం. మీ అమ్మాయి చదవలేక మానేసింది చూడు, ఆ క్లాసే," అనేవాడు బోలి.

గణాంకాల పేపరు చెప్పింది యోవితా. మొదటి పరీక్షలో నొగో తప్పింది. వందకు ముప్పై నాలుగు. మార్కుల కాగితం పట్టుకుని యోవితా ఏడుపు మొహంతో నా దగ్గర కూర్చుంది. అంతలో నొగో వచ్చింది.

"ఇనా, ఇంకో ఆరు మార్కులు ఎక్కడైనా దొరుకుతాయేమోనని మూడుసార్లు దిద్దాను..."

"దొరికాయా?"

"లేదు."

"దొరికాయని వేసుంటే నీ వీపు మీద స్కేలు విరగ్గొట్టేదాన్ని. మళ్ళీ రాస్తా. నువ్వు మాత్రం ఆ పట్టికలు కాస్త మనుషులకి అర్థమయ్యేలా చెప్పి చావు. తెల్లారిలేస్తే బోర్డుకేసి మాట్లాడతావు. మా వైపు తిరుగు."

యోవితా అప్పట్నుంచీ క్లాసు వైపు తిరిగి చెప్పింది. నొగో రెండోసారి అరవై ఒకటి తెచ్చుకుంది. క్లాసులో మిగతావాళ్ళవీ పెరిగాయి.

అసలు గొడవ మూడో ఏడాదిలో వచ్చింది. ఇరవై ఆరుమంది విద్యార్థులు ఆరు నెలలకని ఊళ్ళకు వెళ్ళారు. నొగో లెవోమారా కోరుకుంది. నెల తిరక్కుండానే కొందరు తల్లిదండ్రులు కాలేజీకి వచ్చి కూర్చున్నారు. ఊళ్ళలో సెల్‌ఫోన్ అందదు, నీళ్ళు మోసుకోవాలి, పిల్లలు చిక్కిపోతున్నారు. ప్రిన్సిపాల్ గారు మెత్తబడ్డారు. ఊరి శిక్షణ నాలుగు వారాలకు కుదించామనీ, అందరూ వెంటనే వెనక్కి రావాలనీ ఉత్తర్వు చెప్పారు. నేను టైపు చేశాను.

చేసి, కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నా బల్ల మీదికి వచ్చిన కాగితాన్ని నేను ఎప్పుడూ ప్రశ్నించలేదు. ఆ రోజు మాత్రం అనుమతి పత్రం తీసి, ఆరు నెలలు తప్పనిసరి అని ముద్ర పడిన పేజీని ఇరవై ఆరు కాపీలు తీశాను. ఒక్కో ఉత్తర్వు వెనకా ఒక్కోటి పిన్ను కొట్టి ట్రక్కు డ్రైవరు చేతికిచ్చాను.

ట్రక్కు ఏడుగురితో తిరిగొచ్చింది. పంతొమ్మిదిమంది రాలేదు. నొగో ఊరూరా కబురు పెట్టిందట, అనుమతి ముద్ర ఉన్న కాగితం ఏది చెప్తే అది చెయ్యండని.

ప్రిన్సిపాల్ గారు స్వయంగా పడవ ఎక్కి లెవోమారా వెళ్ళారు. అక్కడ జరిగింది తర్వాత నాకు బోలి చెప్పాడు. ఆయన ఆరోగ్య కేంద్రం మెట్లెక్కేసరికి లోపల ఒక కాన్పు అయి పది నిమిషాలైంది. తల్లికి నెత్తురు ఆగడం లేదు. ఇద్దరు విద్యార్థులు ఉన్నారు. ఒకమ్మాయి పొత్తికడుపు మీద చెయ్యిపెట్టి గట్టిగా మర్దన చేస్తోంది. నొగో వాళ్ళకు ఒక్కో మాటే చెప్తోంది. సెలైను సీసా కొక్కెం తుప్పుపట్టి ఊడిపోయింది.

"సార్, వచ్చారా. ఇది పట్టుకోండి. ఇంకా పైకి," అంది నొగో.

ఆయన డాక్టరే అయినా కాన్పు గదిలోకి అడుగుపెట్టి ఇరవై ఏళ్ళయింది. నలభై నిమిషాలు సీసా ఎత్తిపట్టుకుని నిలబడ్డారు. నెత్తురు ఆగింది. తల్లి నీళ్ళు అడిగింది. ఆ తర్వాత ఆయన బయట బల్ల మీద కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగి, చెప్పదలచుకున్నది చెప్పేశారు.

"వారంలో అందరూ వెనక్కి రావాలి ఇనా. లేకపోతే హాజరు ఇవ్వను."

"ఆర్నెల్లయ్యాకే వస్తాం సార్."

"విద్యార్థివి నువ్వు. నాకు ఎదురు చెప్పే హక్కు నీకు లేదు."

"విద్యార్థినే. అందుకే సిలబస్సు ప్రకారం చదువుకుంటున్నా. నెలరోజులకే పంపేసి ఉంటే, ఇప్పుడా పిల్ల చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియక ఏడుస్తూ ఉండేది. పడవెక్కండి సార్, పొద్దువాలితే సముద్రం లేస్తుంది."

ఆయన తిరిగొచ్చి నాతో రెండు వారాలు మాట్లాడలేదు. ఆ పిన్నులు ఎవరు కొట్టారో తెలియనంత అమాయకుడేం కాదు. హాజరు ఆపే ఉత్తర్వు మాత్రం నా బల్ల మీదికి రాలేదు. అనుమతి పత్రానికి విరుద్ధంగా శిక్షణ కుదిస్తే కోర్సే రద్దవుతుందని యోవితా మీటింగులో లేచి చెప్పిందని తర్వాత విన్నాను. క్లాసులో గోడకేసి మాట్లాడిన పిల్లేనా అనుకున్నాను. తిరిగొచ్చేసిన ఏడుగురినీ నెల తర్వాత మళ్ళీ పంపారు. ఇద్దరు చదువే మానేశారు. వాళ్ళలో ఒకామె తండ్రి ఇప్పటికీ నొగో ఎదురైతే మొహం తిప్పుకుంటాడు.

నొగో యాభై అయిదో ఏట పట్టా పుచ్చుకుంది. క్లాసులో తొమ్మిదో స్థానం. ఆ నల్ల గౌను ఆమెకు పొట్టిదయింది. కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం ఇవ్వలేదు. దానికి మాస్టర్స్ కావాలి. ఊళ్ళలో విద్యార్థులకు నేర్పే పర్యవేక్షకులకు మాత్రం డిగ్రీ, అయిదేళ్ళ అనుభవం ఉంటే చాలు. ఆమె స్టోరు తాళాలు బల్ల మీద పెట్టి లెవోమారా వెళ్ళిపోయింది. ప్రతి ఆర్నెల్లకు నలుగురు పిల్లలు అక్కడికి వెళ్తారు. మొదటి వారం ఇంటికి పోతామని ఏడుస్తారు. ఆర్నెల్లయ్యాక వాళ్ళ చేతులు చూస్తే తెలుస్తుంది ఎవరి దగ్గర నేర్చుకున్నారో.

ఇప్పుడు ఆమె ఇంకోటి పట్టుకుంది. పాత డిప్లొమా ఉన్న బిదాన్లు దీవిలో డెబ్భైమందికి పైనే ఉన్నారు. నలభై దాటినవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు. ఊరు వదిలి కాలేజీకి రాలేరు. వాళ్ళు పనిచేసే చోటే ఉండి డిగ్రీ పూర్తి చేసేలా ఒక కోర్సు కావాలంటోంది. కొత్త ప్రిన్సిపాల్ గారు కుదరదని రెండుసార్లు రాసి పంపారు. నేను కిందటేడు రిటైరయ్యాను. అయినా మొన్న శనివారం పడవ దిగి, సంచీ నిండా కాగితాలతో తిన్నగా మా ఇంటికే వచ్చింది.

"ఇనా, నాకిప్పుడు ఆఫీసు లేదు, కంప్యూటరూ లేదు. రెండుసార్లు కాదన్నారుగా, ఇంకెందుకు?"

"మొదటిసారి సిబ్బంది లేరన్నారు. నేర్పడానికి ఏడుగురు ఒప్పుకుంటూ సంతకాలు పెట్టారు, ఇవిగో. రెండోసారి నియమం లేదన్నారు. ఉంది, యోవితా వెతికి తీసింది. ఇప్పుడేమంటారో చూద్దాం." చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చుంది. "మీ అమ్మాయికి లాప్‌టాప్ ఉందిగా. పిలువు."